పైకి తేలి ఊపిరి, కిందికి దిగి వేట

జపాన్‌లో వేసవి సెలవులు వచ్చాయంటే పిల్లల చేతుల్లో ప్లాస్టిక్ డబ్బాలు, డబ్బాల్లో కొమ్ము పురుగులు. ఇది చాలామందికి తెలిసిన ముచ్చటే. అక్కడి పురుగుల పిచ్చివాళ్ళలో ఇంకో తెగ కూడా ఉంది. వీళ్ళ బల్ల మీద గాజు తొట్టి ఉంటుంది, అందులో నీళ్ళూ నాచూ ఉంటాయి, చేపలు మాత్రం ఉండవు. ఒకవేళ ఉన్నా అవి మేతకు తెచ్చినవి. వీళ్ళు ముద్దుగా పెంచుకునేది నీటిలో వేటాడి బతికే పురుగుల్ని.

వీటిలో పేరుపడ్డవి రెండు. మొదటిది గెంగొరో. ఇది నీటి పెంకు పురుగు, నాలుగు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ముదురాకుపచ్చ వీపు, అంచు పొడవునా పసుపు చార. రెండోది తగామె. జపాన్ నీటి నల్లులన్నిటిలోకీ ఇదే పెద్దది, 5 నుంచి 6.5 సెంటీమీటర్లు ఉంటుంది. తోకకప్పలు, కప్పలు, చిన్న చేపలు దీని ఆహారం. అక్కడితో ఆగదు కూడా. తగామె ఒక తాబేలు పిల్లను పట్టి తింటుండగా చూసిన సంగతిని షిన్‌యా ఓబా అనే శాస్త్రవేత్త 2011లో ప్రచురించారు. వెన్నెముక లేని జీవి వెన్నెముక ఉన్నదాన్ని తినడం మనకు వింత గానీ, తగామెకు అది రోజువారీ భోజనం.

వీటి గురించి ఎంత చదివినా కథంతా నీటి పైపొర దగ్గరికే వచ్చి ఆగుతుంది. బతుకంతా నీటిలోనే అయినా పెద్దయ్యాక వీటిలో చాలావాటికి మొప్పల్లాంటివి ఉండవు. ఊపిరి కోసం పైకి రావలసిందే. పెంచేవాళ్ళ నేర్పంతా ఆ పైపొరను కాపాడుకోవడంలోనే ఉంది.

ఎండు నెత్తళ్ళు, గుర్రపు డెక్క

గెంగొరోకు జపనీయులు పెట్టే మేత వింటే మన కోస్తావాళ్ళకు నవ్వొస్తుంది. అది ఎండు నెత్తళ్ళు. చచ్చినదైనా బతికినదైనా ఈ పురుగుకు ఒకటే, వాసన తగిలితే చాలు, చుట్టూ గిరికీలు కొట్టి వచ్చి పట్టేస్తుంది. చిక్కల్లా తర్వాతే. ఎండు చేపలోని నూనె మెల్లగా ఊరి నీటిపై తెట్టె కడుతుంది. అందుకే సాయంత్రం వేసిన ముక్కను పొద్దున్నే తీసేయాలి, నీళ్ళు మార్చాలి. నెత్తళ్ళ బదులు మిడతలో, కీచురాళ్ళో వేసేవాళ్ళూ ఉన్నారు.

తొట్టిలో నీటిపైకి పొడుచుకొచ్చిన చెక్క ముక్క ఒకటి తప్పనిసరి. గెంగొరో అప్పుడప్పుడు దానిమీదికి ఎక్కి ఒళ్ళు ఆరబెట్టుకుంటుంది. ఈ ఎండబెట్టుడు లేకపోతే ఒంటిమీద బూజులాంటిది పడుతుంది. నీటి పురుగుకు పొడి చోటు కావాలని ముందుగా తట్టదు గానీ, కొత్తగా పెంచేవాళ్ళు పురుగును పోగొట్టుకునేది చాలాసార్లు ఇక్కడే.

గుడ్లు పెట్టేటప్పుడు ఆడది నీటి మొక్కల కాడల్ని కొరికి, ఆ గాట్లలోకి గుడ్లు దూరుస్తుంది. మెత్తగా, లావుగా ఉన్న కాడ కావాలి. జపాన్‌లో చాలామంది ఇందుకోసం తొట్టిలో వేసేది గుర్రపు డెక్క. మన కాలవలకు అడ్డంపడి, ఏటా కూలీలను పెట్టి తీయించుకునే గుర్రపు డెక్కే. అక్కడ మొక్కల దుకాణంలో డబ్బులిచ్చి కొంటారు.

గుడ్డులోంచి వచ్చే లార్వాకు తల్లిదండ్రుల పోలికే ఉండదు. సన్నగా, పొడుగ్గా, కొడవళ్ళ లాంటి రెండు దవడలతో ఉంటుంది. ఇంగ్లీషువాళ్ళు దీనికి నీటిపులి అని పేరు పెట్టారు. రెండు లార్వాల్ని ఒకే గిన్నెలో ఉంచితే తెల్లారేసరికి ఒకటే మిగులుతుంది. కాబట్టి ఒక్కోదానికి ఒక్కో కప్పు, ఒక్కోదానికి వేరే మేత, రోజూ నీళ్ళ మార్పు. పాతిక లార్వాలు ఉంటే పాతిక కప్పులు. ఇంట్లోవాళ్ళు ఏమంటారో ఊహించుకోవచ్చు.

మూడోసారి కుబుసం దశకు వచ్చిన లార్వా ఒకరోజు ఉన్నట్టుండి తిండి మానేస్తుంది. పెంచేవాళ్ళు ఎదురుచూసేది ఆ రోజు కోసమే. వెంటనే దాన్ని తేమ మట్టి మీదికి మార్చాలి. మట్టిలోకి దూరి గుండ్రటి గది చేసుకుని అక్కడే ప్యూపా అవుతుంది. మార్చడం ఆలస్యమైతే పుట్టి పెరిగిన నీటిలోనే మునిగి చచ్చిపోతుంది. ప్రకృతిలోనైతే అది చెరువు గట్టెక్కి మట్టి వెతుక్కుంటుంది. సిమెంటు గట్లు కట్టిన చోట ఈ జాతి నిలవకపోవడానికి ఇదొక కారణం.

పట్టుకోవచ్చు, అమ్మకూడదు

పురుగుమందులు, పూడిపోయిన చెరువులు, పరాయి దేశాల నుంచి వచ్చిన ఎర్ర చెరువు రొయ్యలు, బ్లాక్ బాస్ చేపలు. వీటి మధ్య ఈ రెండు జాతులూ జపాన్ వరి పొలాల్లో అరుదైపోయాయి. 2020 ఫిబ్రవరి నుంచి తగామెనూ, 2023 జనవరి నుంచి గెంగొరోనూ అక్కడి అరుదైన జీవుల చట్టం కిందికి తెచ్చారు. ఇందులో తమాషా ఉంది. సరదాగా పట్టుకుని ఇంట్లో పెంచుకోవడాన్ని ఆ నిబంధన ఆపదు. అమ్మకూడదు, అమ్మడానికి పట్టకూడదు, అమ్మకానికని ప్రకటన ఇవ్వకూడదు. పిల్లల సరదాను చట్టం దొంగతనంగా చూడలేదు, దుకాణాన్నే ఆపింది. నాకు ఇది తెలివైన పని అనిపిస్తుంది. పురుగును ఒక్కసారైనా చేతిలోకి తీసుకోనివాడు దాని చెరువు కోసం ఎందుకు కొట్లాడతాడు?

గాలిని మూటగట్టుకుని

నీటి పెంకు పురుగు ఊపిరి తీసుకునే తీరు చూడాలంటే కళ్ళు తొట్టి పైపొర ఎత్తుకు దించాలి. పురుగు తలకిందులుగా తేలుతుంది, తోక కొస మాత్రమే గాలిని తాకుతుంది. రెక్కల పెంకులు కొద్దిగా లేస్తాయి, వాటి కింద ఖాళీలోకి గాలి చేరుతుంది. తర్వాత కిందికి దిగేటప్పుడు తోక దగ్గర ఒక బుడగ వెండి పూసలా మెరుస్తుంటుంది.

ఆ బుడగ ఉత్త గాలి మూట కాదు. పురుగు వాడుకున్న ఆక్సిజన్‌కు బదులు నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ బుడగలోకి వస్తూ ఉంటుంది. బుడగ చిక్కిపోకుండా పట్టి ఉంచేది అందులోని నైట్రోజన్. డెన్మార్క్‌కు చెందిన ఎగె అనే శాస్త్రవేత్త 1915లోనే దీన్ని పరీక్షించి చూపాడు. వెల్లకిలా ఈదే నీటి నల్లి మామూలు గాలి బుడగతో మునిగి సుమారు ఆరు గంటలు బతికింది. బుడగలోనూ నీటిలోనూ అంతా స్వచ్ఛమైన ఆక్సిజనే నింపితే సుమారు 35 నిమిషాలకే పోయింది. ఆక్సిజన్ ఎక్కువైతే ఆయుష్షు తగ్గడం! నైట్రోజన్ లేకపోతే బుడగ అణగిపోతుంది, అంతే.

ఈ వెల్లకిల జాతిలోనే అనైసాప్స్ అని ఒకటుంది. మన చెరువుల్లో కూడా కనిపిస్తుంది. చిన్నదే గానీ, నీటి నడిమధ్య ఈదకుండా కదలకుండా నిలబడగలదు. దీని కడుపులో హిమోగ్లోబిన్ ఉంది, మన నెత్తుటిలో ఉండే పదార్థం తరహాదే. మునిగినంతసేపూ అందులోంచి ఆక్సిజన్ మెల్లగా బుడగలోకి విడుదలై, బుడగ పరిమాణం మారకుండా ఉంటుంది. అందుకే తేలదు, మునగదు. 2006లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు మాథ్యూస్, సేమూర్ ఈ సంగతి వెల్లడించారు. దీన్ని ఉత్త చేత్తో పట్టుకోకండి, కుడితే మంట.

నీటి తేలుది ఇంకో ఉపాయం. తోకలా కనిపించేది కొండి కాదు, రెండు సగాలు కలిసిన ఊపిరి గొట్టం. బురదలో తల కిందికి పెట్టి గంటలు గంటలు కదలకుండా కూచుంటుంది, గొట్టం కొస మాత్రం పైన ఉంటుంది. దీన్ని పెంచాలంటే గొట్టం పైకి అందేంత లోతే ఉండాలి, లేదా ఎక్కి కూచోడానికి పుల్లలు ఉండాలి. లోతైన అక్వేరియం కొని అందులో వదిలితే డబ్బు ఖర్చుపెట్టి హింసించినట్టే. ఈతలో ఇది మొద్దు.

కొల్లేటి చేపల రైతు లెక్క

ఇక ఇదే పైపొరను ఆయుధం చేసుకున్నవాళ్ళ సంగతి. కొల్లేరు చుట్టుపక్కల, కైకలూరు వైపు చేపల చెరువులున్న రైతుకు ఈ పురుగులు ముచ్చట కాదు, శత్రువులు. బొచ్చె, రాగండి స్పాన్‌ను (అప్పుడే పుట్టిన చేప పిల్లల్ని) నర్సరీ చెరువులో వదిలాక వారం తిరగకుండా పెంకు పురుగులు, నీటి నల్లులు, తూనీగ పిల్లలు కలిసి సగం ఊడ్చేయగలవు. మన దేశంలో చేపల శాస్త్రం పుస్తకాలు దశాబ్దాలుగా చెప్తున్న మందు సబ్బు నూనె. హెక్టారుకు 56 కిలోల చవక నూనె, 18 కిలోల బట్టల సబ్బు కలిపి నీటిపై చల్లుతారు. స్పాన్ వదలడానికి 12 నుంచి 24 గంటల ముందు, గాలి లేని పూట చూసి. నీటిపై పల్చటి నూనె పొర పరుచుకుంటుంది. పైకి వచ్చిన ప్రతి పురుగు గొట్టంలోకీ, రెక్కల సందులోకీ గాలికి బదులు నూనె పోతుంది. పైకి వచ్చి ఊపిరి తీసుకునే పురుగులన్నీ ఊపిరాడక పోతాయి. విషం లేదు, నీరు చెడదు. గాలి వీస్తే మాత్రం పొర చెదిరి, పెట్టిన ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరే.

టోక్యోలో పురుగు పెంచేవాడు ఎండు చేప నూనె తెట్టెను పొద్దున్నే తీసేసేదీ, కైకలూరు రైతు ఏరికోరి నూనె పోసేదీ ఒకే కారణానికి.

నాన్నల వంతు

పురుగుల్లో తండ్రి పిల్లల్ని చూసుకోవడం చాలా అరుదు. ఆ అరుదైన పని ఈ నీటి నల్లుల ఇంట్లో మామూలు.

తగామె ఆడది నీటిపైకి నిలబడ్డ కాడ మీద గుడ్లు గుత్తిగా పెట్టి వెళ్ళిపోతుంది. ఇక బాధ్యతంతా మగదానిదే. రాత్రిళ్ళు నీటిలోంచి తడితడిగా ఎక్కి వచ్చి గుడ్లకు నీరు తాకిస్తుంది, చీమల్నీ ఇతర పురుగుల్నీ తరుముతుంది. తడి అందకపోతే గుడ్లు ఎండిపోతాయి. అయితే ఇంకో ఆడది వచ్చిందా, కథ మారుతుంది. అది ముందు ఆ గుడ్లను ధ్వంసం చేస్తుంది, తర్వాత ఆ మగదానితోనే జతకట్టి తన గుడ్లు అప్పగిస్తుంది. ఈ ప్రవర్తనను జపాన్ శాస్త్రవేత్త ఇచికావా 1990లో రాసిపెట్టారు. అందుకే ఇంట్లో పెంచేవాళ్ళు గుడ్లు పెట్టగానే ఆడదాన్ని వేరే తొట్టిలోకి మార్చేస్తారు.

మన వరి మళ్ళలో, చెరువుల్లో ఉండే చిన్న నీటి నల్లుల్లోనైతే ఆడది గుడ్లను మగదాని వీపుకే అంటించేస్తుంది. వర్షాకాలం మడిలో గుడ్ల పలకను మోస్తూ తిరిగే పురుగు కనిపిస్తే అది తండ్రి. చాలాకాలం శాస్త్రవేత్తలు కూడా అది తల్లి అనుకున్నారు, తన వీపు మీద తానే పెట్టుకుంటుందని రాశారు. 1899లో ఫ్లోరెన్స్ వెల్స్ స్లేటర్ అనే అమెరికన్ పరిశీలకురాలు మోసేవన్నీ మగవేనని తేల్చారు. రాబర్ట్ స్మిత్ అనే శాస్త్రవేత్త 1970లలో అరిజోనాలో ఇలాంటి తండ్రుల్ని తొట్ల ముందు కూచుని గమనించారు. మగది గుడ్లు నీటి పైపొర దగ్గర ఉండేలా నిలబడి, గుంజీలు తీసినట్టు ఒళ్ళు పైకీ కిందికీ ఊపుతుంది, గుడ్లకు ఆక్సిజన్ అందడానికి. ఇంత కష్టపడేవాడు ఆ గుడ్లు తనవేనని నిర్ధారించుకోకుండా ఊరుకోడు. కొన్ని గుడ్లు అంటించగానే మళ్ళీ జతకట్టనిదే తర్వాతి గుడ్లకు వీపు ఇవ్వడు. స్మిత్ చూసిన ఒక జంట 36 గంటల్లో నూరుసార్లకు పైగా జతకట్టింది.

నీటి పెంకు పురుగుల సంసారం ఇంత ఒద్దికైనది కాదు. మగదాని ముందు కాళ్ళకు గుండ్రటి అతుకుడు చక్రాలు ఉంటాయి, ఆడదాని నున్నటి వీపును పట్టుకోవడానికి. కొన్ని జాతుల్లో ఆడదాని వీపు మీద లోతైన చారలుంటాయి. అవి మగదానికి పట్టు దొరకడానికని డార్విన్ 1871 నాటి పుస్తకంలో రాశాడు. తర్వాతి పరిశోధకుల్లో చాలామంది దాన్ని తిరగేశారు. నున్నటి వీపు మీద అతికినట్టు చక్రాలు చారల మీద అతకవు కాబట్టి, ఆడది తప్పించుకోడానికే ఆ చారలు పుట్టాయంటారు. నా ఓటు వీళ్ళకే.

నమలడం లేదు, తాగడమే

తగామె పట్టిన తోకకప్పను దగ్గరగా చూస్తే భోజనం జరుగుతున్నట్టే ఉండదు. ముందు కాళ్ళతో బిగించి, ముక్కు లాంటి సూదిని గుచ్చి కదలకుండా ఉంటుంది. లోపలికి పంపిన రసం కండను కరిగిస్తుంది, పురుగు దాన్ని పీలుస్తుంది. చివరికి మిగిలేది తోలు, ఎముకలు. పెంకు పురుగు లార్వా దవడలు కూడా లోపల డొల్లే, అదే పద్ధతి. ఈ రసం మన వేలికి దిగితే నొప్పి భరించరానిది. మేత పట్టకారుతోనే అందించాలి.

వేటకు సూదితోపాటు చూపూ కావాలి. అమెరికా పురుగుల జూల్లో ఎక్కువగా కనిపించే నీటి పురుగు అరిజోనా వాగుల నుంచి వచ్చిన సన్‌బర్స్ట్ పెంకు పురుగు. నల్లటి ఒంటి మీద పసుపు చుక్కలు. పగలే తిరుగుతుంది, ఒకదాన్నొకటి తినవు, చూడముచ్చటగా ఉంటాయి. దీని లార్వాకు పన్నెండు కళ్ళు. వాటిలో ఒక జతకు బైఫోకల్ కటకాలు ఉన్నాయని 2010లో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో ఎల్కె బుష్‌బెక్ బృందం కనిపెట్టింది. మనకు నలభై దాటాక ముక్కు మీదికి వచ్చేది దీనికి పుట్టుకతోనే ఉంది. పెద్దయ్యాక ఆ కళ్ళు ఉండవు.

వేటాడేదే ఎప్పుడూ గెలుస్తుందని లేదు. ఫ్రాన్స్‌లో ఫాబ్రే అనే పురుగుల పరిశోధకుడు తన గాజు చెరువులో పెంకు పురుగుల్నీ, పుల్లముక్కలతో గూడు కట్టుకునే కాడిస్ పురుగుల్నీ కలిపి వదిలాడు. పెంకు పురుగులు గూటిని పీకి పాకం పెడుతుంటే, లోపలిది వెనక దారిన జారుకుని దర్జాగా పోయింది. 2020లో జపాన్‌లోని కోబె విశ్వవిద్యాలయంలో షింజీ సుగియురా ఇంకా విడ్డూరం చూశారు. ఒక చిన్న నీటి పెంకు పురుగును, ఇది వేటగత్తె కాదులెండి, కప్ప మింగింది. ఆ పురుగు కప్ప పేగుల్లో ప్రయాణం చేసి రెండో చివరి నుంచి బతికి బయటపడింది. పరీక్షించిన వాటిలో 90 శాతానికి పైగా అలాగే వచ్చాయి.

తూనీగ పిల్ల

మనం చెప్పుకుంటున్న వేటగాళ్ళలో పైపొరతో పనిలేనిది ఇది ఒక్కటే. తూనీగ పిల్ల ఊపిరి తీసేది వెనక భాగం నుంచి. మొప్పలు పురీషనాళంలో ఉంటాయి. భయపడితే ఆ నీటినే జోరుగా చిమ్మి రాకెట్‌లా ముందుకు దూసుకుపోతుంది. కింది పెదవి మడిచి గడ్డం కింద దాచుకుని, ఎర దగ్గరికి రాగానే రెప్పపాటులో విసిరి పట్టుకుంటుంది. లోపలి ద్రవం ఒత్తిడితో ఇది జరుగుతుందని చాలాకాలం అనుకున్నారు. అది రెండు స్ప్రింగుల పని అని 2021లో జర్మనీలోని కీల్ విశ్వవిద్యాలయం చూపింది, అలాంటి చిన్న రోబోను కూడా తయారుచేసింది.

దీన్ని ఇళ్ళలో పెంచిన అసలైన ఉదాహరణ మయన్మార్‌ది. యాంగోన్‌లో ఇళ్ళలోని నీటి తొట్లలో ఎర్ర తూనీగ పిల్లల్ని వదిలి డెంగీ దోమ మీద ప్రయోగం చేశారు. దాని ఫలితాలు 1990లో వెలువడ్డాయి. రెండు మూడు వారాల్లో దోమ పిల్లలు దాదాపు మాయమయ్యాయి. ఆ ఎర్ర తూనీగ మన పెరట్లో తీగ మీద వాలేదే. తొట్టిలో పురుగుందంటే నీళ్ళు పారబోసే మనవాళ్ళు దీనికి ఒప్పుకుంటారా అన్నది వేరే మాట.

మూత మరవకండి

పెద్దయ్యాక ఈ పురుగుల్లో చాలావరకు ఎగరగలవు, ఎక్కువగా రాత్రిపూట. పొద్దున తొట్టి ఖాళీ, పురుగు ట్యూబ్‌లైటు కింద. నీటిని ఇవి గుర్తుపట్టేది నీటి మీద పడి తిరిగొచ్చేటప్పుడు ఒకే దిశలో కంపించేలా సర్దుకున్న వెలుతురును బట్టి. ఆ వెలుతురు ఎక్కడ కనిపించినా చెరువే అనుకుంటాయి. ఎరుపు, నలుపు కార్ల మీద నీటి పురుగులు ఎక్కువగా ఎందుకు వాలతాయో హంగరీకి చెందిన గాబోర్ హోర్వాత్ బృందం 2006లో తేల్చింది. మెరిసే ముదురు రంగు వాటికి నీటి పైపొరే. గల్ఫ్ యుద్ధం తర్వాత కువైట్‌లో ఏర్పడ్డ చమురు గుంటల్లో లెక్కలేనన్ని పురుగులు దిగి చచ్చింది కూడా ఇందుకే. సోలార్ పలకలు ఇంకా పెద్ద మోసం. పలకల మీద తెల్లటి గీతలు గీస్తే వాలడం తగ్గిందని అదే బృందం 2010లో చెప్పింది.

సోడా సీసాలో

జపాన్‌లో ప్రాణంతో ఉన్న తగామెను కొనడానికి వీల్లేదు గానీ, తగామె సోడా దొరుకుతుంది. అందులో కలిపేది థాయ్‌లాండ్ వైపు దొరికే దాని బంధువు సారం. మన ఈశాన్యంలో మణిపూర్‌లోనూ, వియత్నాంలోనూ, థాయ్‌లాండ్‌లోనూ ఈ పురుగును తింటారు. థాయ్ పచ్చళ్ళలో దీన్ని నూరేది కండ కోసం కాదు, పండు లాంటి ఘాటైన వాసన కోసం. ఆ వాసన గ్రంథులు మగదానిలోనే బాగా పెరుగుతాయి. సంతలో మగదాని ధర ఎక్కువ.